పసివాడికి తగిన కత్తెర

నోరు లేనివాడికి మనం ఏ మేరకు బాధ్యులం? ఈ ప్రశ్నను గ్రంథాలలో చదివినప్పుడు అది గాలిలో తేలుతున్నట్టుంటుంది. శిశు శస్త్రచికిత్సలో మాత్రం దానికి ఒక కొలత ఉంది. ఆ కొలత 3 మిల్లీమీటర్లు.

పుట్టిన కొద్ది వారాలకు కొందరు శిశువులు తాగిన పాలన్నీ చిమ్మినట్టు కక్కేస్తారు. జీర్ణాశయం చివరనున్న కండరం దళసరెక్కి దారి మూసుకుపోవడమే కారణం. లోపలి పొరను తాకకుండా ఆ కండరాన్ని మాత్రం చీల్చే పద్ధతిని జర్మన్ వైద్యుడు రామ్‌స్టెట్ 1912లో ప్రకటించాడు. ఇదే పనిని చిన్న రంధ్రాల గుండా, లాపరోస్కోపు సాయంతో చేసినట్టు 1991లో ఫ్రెంచి వైద్యులు తెలియజేశారు.

పెద్దలకు వాడే ఇటువంటి పనిముట్లు సాధారణంగా 5 నుంచి 10 మి.మీ. లావు, 30 సెంటీమీటర్లకు పైబడిన పొడవు. మూడు కిలోల బిడ్డ పొట్టలో అవి మెసలడానికి చోటెక్కడ? అందుకే 3 మి.మీ. లావు, 20 సెం.మీ. పొడవు గల పట్టకారులు, కత్తెరలు వచ్చాయి.

అయితే చిన్నది గనుక సుకుమారమైనది అనుకోరాదు. అదే బలం సన్నని మొన మీద పడితే పేగుకు తగిలే ఒత్తిడి పెరుగుతుంది. సూది దిగేది సన్నదనం వల్లనే గదా! పైగా ఈ చికిత్సను బొడ్డు అంచున చిన్న గాటు పెట్టి కూడా చేయవచ్చు, మచ్చ అంతగా కనబడదు. కాబట్టి పనిముట్టు చేత పట్టే ముందు వైద్యుడు తనను తాను ప్రశ్నించుకోవాలి: ఇది బిడ్డ మేలు కోసమా, నా నేర్పు చూపుకోవడానికా? బిడ్డ ఆ ప్రశ్న వేయలేడు.

వేయలేకపోవడం వల్ల ఏమవుతుందో చరిత్ర చెబుతుంది. 1980లలో కూడా చాలాచోట్ల నవజాత శిశువులకు కదలకుండా ఉండే మందిచ్చి, నొప్పి తెలియకుండా చేసే మందు నామమాత్రంగా ఇచ్చి, ఒక్కోసారి అదీ లేకుండా, శస్త్రచికిత్స చేసేవారు. పసివాళ్లకు నొప్పి తెలియదని కొందరు, మత్తుమందు తట్టుకోలేరని కొందరు నమ్మారు. తగిన మందిచ్చిన శిశువులే బాగా కోలుకున్నారని ఆనంద్, ఆయన సహచరులు 1987లో లాన్సెట్ పత్రికలో చూపారు. బిడ్డల ఏడుపు అంతకుముందూ ఉంది. దానిని సాక్ష్యంగా తీసుకోవడమే ఆలస్యమైంది.

పనిముట్ల విషయమూ అంతే. ఇటువంటి రోగులు కొద్దిమంది, బేరం తక్కువ, తయారుచేసేవాడికి గిట్టదు. అందుకే పిల్లల వైద్య పరికరాలపై లాభం తీసుకోవడానికి వీలు కల్పిస్తూ 2007లో అమెరికా ప్రత్యేకంగా చట్టం చేయవలసివచ్చింది.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఉంది. ఆ డబ్బుతో టీకాలు వేయిస్తే, విరేచనాలైన పిల్లలకు ఉప్పు–పంచదార ద్రావణం అందిస్తే, ఇంకా ఎక్కువమంది బతుకుతారు గదా? నిజమే. పేద దేశంలో ఈ లెక్కను కాదనడం కష్టం. ముందు ఏది, తరువాత ఏది అని తేల్చడానికి లెక్క కావలసిందే. కాని 'మీరు కొద్దిమంది, కనుక మీ సంగతి ఎప్పటికీ రాదు' అని చెప్పే హక్కు లెక్కకు లేదు. అలా చెబితే అది పొదుపు కాదు, బహిష్కారం.

ఈ మాట మనకు కొత్తది కాదు. తరగతిలో పిల్లలు చాలరు కనుక తెలుగు వాచకం రాదన్న జవాబు సరిహద్దు కీవల ఉన్నవాళ్లకు అలవాటే. వాచకం లేకపోతే ప్రాణం పోదు, రెండూ సమానం కావు. కాని తర్కం ఒక్కటే. తలలు లెక్కపెట్టి న్యాయం పంచేవాడికి ఒక తల ఎప్పుడూ తక్కువగానే కనబడుతుంది. ఆ ఒక్క తలకూ సరిపడే కత్తెర తయారుచేయడానికి పూనుకున్నవాడు లాభనష్టాల లెక్కను పక్కనబెట్టి, ఎదుటనున్న బిడ్డ కొలత తీసుకున్నాడు. నీతి అక్కడ మొదలవుతుందని నా అభిప్రాయం.