పురావస్తు పరిశోధనలో సహకారం – గుర్తింపు : ఒక నైతిక పరిశీలన
(జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల ఆధారంగా)

ఉపోద్ఘాతం

ఒక శాస్త్రంలో ఎవరు రాస్తున్నారు, ఎవరితో కలిసి రాస్తున్నారు, ఎక్కడ ప్రచురిస్తున్నారు అనే విషయాలను లెక్కించి, వాటి గమనాన్ని పటంగా చూపే పద్ధతిని గ్రంథమితి అంటారు. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ వంటి సూచికల్లో నమోదైన వ్యాసాలే సాధారణంగా దీనికి ఆధారం. వ్యాసం కింద ముద్రితమైన సహరచయితల పేర్లే సహకారానికి కొలమానం. పురావస్తు పరిశోధనకు ఈ కొలమానాన్ని వర్తింపజేసినప్పుడు ఒక నైతిక ప్రశ్న ఎదురవుతుంది: లెక్కకు రాని శ్రమ సహకారం కాకుండా పోతుందా? ఉమ్మడి వరంగల్లు జిల్లా పునర్విభజనతో 2016 అక్టోబరు 11న ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల ఆధారాలతో ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పటంలో ఇమడని ప్రచురణ చరిత్ర

ఈ ప్రాంతంపై పురావస్తు రచనకు నూరేళ్ల చరిత్ర ఉంది. హైదరాబాదు రాజ్య పురావస్తు శాఖ 1914లో ఏర్పడింది. దాని సంచాలకులు గులాం యాజ్దానీ పాలంపేట ఆలయాలపై రాసిన ఆంగ్ల గ్రంథం 1922లో వెలువడింది. లక్ష్మణరాయ పరిశోధక మండలి ‘తెలంగాణా శాసనములు’ తొలి సంపుటిని 1935లో తెలుగులో ప్రచురించింది. మొదటిది ప్రభుత్వ శాఖ కృషి, రెండవది భాషాభిమానుల స్వచ్ఛంద కృషి. నేటి సూచికలు ప్రధానంగా ఆంగ్ల పత్రికల కోసం రూపొందినవి కాబట్టి రెండవ తరహా కృషి వాటిలో దాదాపు కనిపించదు.

స్థలనామాలతోనూ చిక్కు ఉంది. పాలంపేట 2016లో భూపాలపల్లి జిల్లాలో చేరి, 2019లో ములుగు జిల్లాకు మారింది. గుడి కదలలేదు, జిల్లా పేరు మారింది. జిల్లా పేరుతో వెతికే గణన పాత రచనలను జారవిడుస్తుంది. పటంలో కనిపించే ఖాళీని పరిశోధన లేని చోటుగా భావించడం అందువల్ల పొరపాటు.

శాసనపఠనం – సామూహిక శ్రమ

గణపతిదేవుని సోదరి మైలాంబ వేయించిన బయ్యారం చెరువు శాసనం వెన్నుడు మొదలుగా కాకతీయుల వంశక్రమాన్ని తెలుపుతుంది. 1978లో వచ్చిన పి.వి. పరబ్రహ్మశాస్త్రి కాకతీయ చరిత్ర వంటి గ్రంథాలకు ఇటువంటి శాసనాలే పునాది. జనగామ ప్రాంతపు గూడూరు శాసనం విరియాల వారు కొరవిలో బేతరాజును నిలిపిన వృత్తాంతాన్ని తెలుగు పద్యాల్లో చెబుతుంది. దాని కాలంపై పండితులలో భేదాభిప్రాయాలున్నాయి. ఆ కొరవి నేటి మహబూబాబాద్ జిల్లాలోని కురవి. అక్కడి గద్యశాసనం తెలుగు వచన చరిత్రకు ముఖ్యమైన ఆధారం. ఒక ఊరి రాయిని మరొక ఊరి రాయితో కలిపి చదివితేనే అర్థం పూర్తవుతుంది.

ఆ చదువుకు ముందు మరికొందరి శ్రమ ఉంటుంది. రాయి ఎక్కడుందో ఊరివారు చూపాలి. దానిని కడిగి, తడి కాగితం పరచి, అక్షరాల గుంతల్లోకి దిగేలా బ్రష్షుతో కొట్టి, సిరా అద్ది నకలు తీయాలి. ముద్రిత వ్యాసంలో మిగిలేది మాత్రం తరచుగా చదివినవారి పేరే.

స్థానిక నామాలు చెప్పే జ్ఞానం

భూపాలపల్లి జిల్లా రేగొండ ప్రాంతంలో ప్రాచీన శిలాచిత్రాలున్న గుట్టలను జనం పాండవుల గుట్టలు అన్నారు. బృహత్ శిలాయుగపు సమాధులను తెలంగాణ పల్లెల్లో రాకాసి గుళ్లు అంటారు. ఈ పేర్లు చారిత్రక నిర్ధారణలు కావు. అయినా ఈ రాళ్లు మామూలు రాళ్లు కావని, వాటి వెనుక మానవ ప్రయత్నమో మానవాతీత శక్తో ఉందని జనం గమనించారనడానికి ఇవి సాక్ష్యాలు. పరిశోధకుడు వాటికి కాలాన్ని, సంస్కృతిని నిర్ణయిస్తాడు. అతడు అక్కడికి చేరడానికి దారి చూపేది తరచుగా ఆ పేరే. నేడు కొత్త తెలంగాణ చరిత్ర బృందం వంటి ఔత్సాహికుల పరిశీలనలు ఎక్కువగా దినపత్రికల్లో వెలుగు చూస్తున్నాయి. అవి కూడా గణనకు బయటే ఉన్నాయి.

పూర్వపక్షం – సమాధానం

దారి చూపిన ప్రతివారినీ రచయితగా చేర్చలేమన్న వాదం ఉంది. అది సమంజసమే. కర్తృత్వమంటే వాదానికి బాధ్యత వహించడం. వైద్య పత్రికా సంపాదకుల అంతర్జాతీయ సంఘం నియమాలు కూడా రచయితకు జవాబుదారీతనాన్ని తప్పనిసరి చేశాయి. చదవని వాదానికి, అంగీకరించని నిర్ణయానికి గ్రామస్థుని బాధ్యుణ్ని చేయడం గౌరవం కాదు.

అయితే కర్తృత్వం వేరు, గుర్తింపు వేరు. ఈ భేదం శాసనాలకే తెలుసు. దానం చేసినవారి పేరుతో పాటు, రచించిన కవినీ చెక్కిన శిల్పినీ వేర్వేరుగా పేర్కొన్న శాసనాలు అనేకం. ఎవరి పని వారికి చెందింది. పరిశోధనలో పాలుపంచుకున్నవారి పనిని 14 పాత్రలుగా విభజించి నమోదు చేసే నేటి ‘క్రెడిట్’ విధానం ఈ దృష్టికి దగ్గరది. స్థానిక ప్రాధాన్యం గల పరిశోధనను కాపాడాలని 2015 నాటి లైడెన్ ప్రకటన కూడా కోరింది. అయినా ఆ 14 పాత్రల్లో రాయి చూపినవారికి ప్రత్యేకమైన స్థానం లేదు. పురావస్తు పత్రికలు దానిని స్వయంగా కల్పించుకోవాలి.

ఇందులో ఒక జాగ్రత్త అవసరం. స్థలం వివరాలు బయటపడితే గుప్తనిధుల వేటగాళ్ల బెడద పెరుగుతుంది. పేరు ప్రకటించడం వల్ల చూపినవారికి ఇబ్బంది కలగవచ్చు. కాబట్టి వారి సమ్మతి లేని గుర్తింపు నైతికం కాదు.

ముగింపు

గణన తటస్థమైన పని కాదు. లెక్కకు వచ్చినదానికే నిధులు, పదవులు, రక్షణ దక్కుతున్నప్పుడు, ఏది లెక్కించాలన్నది నైతిక నిర్ణయమవుతుంది. ప్రచురణల పటం గీసేవారు తెలుగు రచనలను, పాత జిల్లాల పేర్లను, క్షేత్ర సహకారాన్ని చేర్చుకోవాలి. అంతకన్నా ముఖ్యంగా, చదివిన శాసన పాఠం, దాని తాత్పర్యం తెలుగులో ఆ ఊరికి తిరిగి చేరాలి. తమ చెరువు కట్టమీది రాయి ఏం చెబుతుందో తెలిసిన ఊరు దానిని కాపాడుకోవడానికి కారణం ఉన్న ఊరు. పరిశోధకుడు ఊరికి పడిన ఋణం తీరడం అక్కడే మొదలవుతుంది.