మాట నేర్పడమా, గొంతు మార్చడమా?

ఇంజనీరింగు కాలేజీల్లో సాఫ్ట్‌వేర్ చదివే మన పిల్లలకు ‘కమ్యూనికేషన్ స్కిల్స్’ అని ఒక క్లాసు ఉంటుంది. నిలబడే తీరు, ఇంగ్లీషు పలుకు, గ్రూప్ డిస్కషన్‌లో అందరికన్నా ముందు అందుకోవడం అక్కడ నేర్పుతారు. ఇంట్లో కోయ, గోండి, సవర, కువి మాట్లాడి, బడిలో తెలుగు నేర్చి, కాలేజీలో ఇంగ్లీషు అందుకున్న పిల్లలు ఆ క్లాసులో తమకు మాట రాదని నమ్మడం మొదలుపెడతారు. మూడు భాషలు దాటి వచ్చినవాళ్లకు మాట రాదనడం న్యాయమా?

ముందు ఒక సంగతి ఒప్పుకుందాం. ఇంగ్లీషు కావాలి. ఉద్యోగం ఇచ్చేవాళ్లు మొదట చూసేది దాన్నే. ‘మన భాష చాలు’ అని చెప్పి పిల్లల్ని గుమ్మం బయటే నిలబెట్టడం ప్రేమ కాదు. అయితే ఇంగ్లీషు వస్తే చాలు, సంగతి ఎదుటివాళ్లకు చేరినట్టే అనుకోవడమూ పొరపాటే.

నాసా అంగారకుడి దగ్గరకు పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999లో చేతికి రాకుండా పోయింది. ఒక సాఫ్ట్‌వేర్ లెక్కను పౌండ్లలో ఇచ్చింది. దాన్ని వాడుకున్న వైపు న్యూటన్లు అనుకున్నారు. అటూ ఇటూ ఇంగ్లీషు మాట్లాడేవాళ్లే. లోపం పలుకులో లేదు. ‘ఇది ఏ కొలత?’ అని అడిగి తేల్చుకోకపోవడంలో ఉంది.

ఈ ప్రశ్న మనకు కొత్త కాదు. ఎన్ని కుంచాల విత్తనం పడుతుందో చెప్పి నేల కొలత చెప్పే పెద్దలు మనకున్నారు. రెవెన్యూ కాగితం ఎకరాలు, సెంట్లు అంటుంది. 2006 అటవీ హక్కుల చట్టం 4 హెక్టార్ల వరకు అంటుంది. పోడు పట్టాలకు ఒక యాప్ తయారుచేసి, అందులో ‘ఎకరాలు’ అన్న గడి ఒక్కటే పెడితే, తాత చెప్పిన కుంచాలను ఎవరో ఒకరు అంచనాగా మార్చేస్తారు. అక్కడ తప్పేది అంకె, పోయేది నేల. ఆ గడి దగ్గర ఆగి అడగాలని ముందుగా తోచేది రెండు కొలతల మధ్య పెరిగిన పిల్లలకే.

వినడం, అడగడం, అర్థం కానప్పుడు కాలేదని చెప్పడం. అసలు నైపుణ్యం ఇదే. తప్పు కనబడినా ‘నా ఇంగ్లీషుకు నవ్వుతారు’ అని నోరు మూసుకుంటే ఆ నష్టం మరెవరి మీదో పడుతుంది. అప్పుడు ఆ మౌనాన్ని వినయం అనలేం. కానీ ఆ నోరు మూయించిన నవ్వుకూ అందులో సగం బాధ్యత ఉంది.

అందుకే ఉపాధ్యాయులు ఒక పని చేయవచ్చు. తాను రాసిన ప్రోగ్రాం ఏం చేస్తుందో విద్యార్థిని ముందు ఇంటి భాషలో, తర్వాత తెలుగులో, ఆపైన ఇంగ్లీషులో చెప్పనివ్వాలి. ఇంటి భాష తెలిసిన తోటి విద్యార్థి పక్కనుండి అర్థం ఎక్కడ జారిందో చెబుతాడు. ఎంత గట్టిగా మాట్లాడారన్నదానికి కాక, ఎదుటివాళ్లు అన్నదాన్ని ఎంత సరిగ్గా తిరిగి చెప్పారన్నదానికి మార్కులు వేయాలి.

మన యువత ఇంగ్లీషును కష్టపడి నేర్చుకోవాలి. దానికోసం అవ్వతో మాట్లాడే భాషను దాచిపెట్టనక్కర్లేదు. రేపు మనం రాసే సాఫ్ట్‌వేర్‌ను వాడేవాళ్లలో ఆ అవ్వ కూడా ఉంటుంది. ఆమె మాట అర్థం చేసుకోగల ఇంజనీరు అప్పుడు అక్కడ ఉండాలి.