చదివే విశ్వాసం, వినే విశ్వాసం



శ్రీరాంపూర్ అనగానే మనకు సింగరేణి బొగ్గు బావులు గుర్తుకు వస్తాయి. బెంగాల్‌లో హుగ్లీ నది ఒడ్డున మరో శ్రీరాంపూర్ ఉంది. అది అచ్చు యంత్రాల ఊరు. 1800లో బాప్టిస్టు మిషనరీ విలియం కేరీ, ఆయన సహచరులు అక్కడ ముద్రణాలయం నెలకొల్పారు. 1812 మార్చి 11న అది తగలబడింది. కేరీ రాసుకున్న తెలుగు వ్యాకరణం కూడా బూడిదైంది. ఆయన మళ్ళీ కూర్చుని రాశాడు. 1814లో ఆ వ్యాకరణం, 1818లో తెలుగు కొత్త నిబంధన అక్కడి నుంచే వెలువడ్డాయి. వారు మన శ్రీసభవారు కాకపోవచ్చు, ఆ ఓపికకు మాత్రం నమస్కరించాల్సిందే. మనవారూ తక్కువ తినలేదు. యేసుసభ గురువు హెన్రీక్ హెన్రీకస్ తమిళ జ్ఞానోపదేశాన్ని 1578లోనే కొల్లంలో అచ్చు వేయించారు.

అయితే ఒక ప్రశ్న. గూటెన్‌బర్గ్ 1455 ప్రాంతంలో మైన్జ్ నగరంలో బైబిలు అచ్చు వేశాడు. అంతకు ముందు పద్నాలుగు వందల ఏళ్ళపాటు క్రైస్తవుల్లో ఎక్కువమంది వాక్యాన్ని విన్నారే గాని చదవలేదు. మరి వారిది సగం విశ్వాసమా?

పునీత అంబ్రోసుగారు పెదవి కదపకుండా చదవడం చూసి పునీత అగుస్తీనుగారు ఆశ్చర్యపోయారు. ఆ రోజుల్లో పక్కవాడికి కూడా వినపడేలా పైకి చదవడం మామూలే. అచ్చు పుస్తకం వచ్చాక మనిషి మూలన కూర్చుని ఒంటరిగా చదువుకోవడం మామూలైంది. అందులో లాభముంది. ప్రసంగీకుడు చెప్పింది నిజమో కాదో తానే చూసుకోగలడు. ప్రమాదమూ ఉంది. తనకు తోచిందే దేవుని మాట అనుకోగలడు. అచ్చు యంత్రానికి ఈ తేడా తెలియదు. 1454లో పాపపరిహార పత్రాలను అచ్చు వేసింది అదే, 1517 తర్వాత లూథరు రాతలను ఊరూరా చేర్చిందీ అదే.

మన విచారణల్లో అక్షరం రాని తల్లులున్నారు. భర్తను డ్యూటీకి పంపి, జపమాల ఒక్క పూసైనా తప్పకుండా చెబుతారు. ఇంటర్ పాసైన కొడుకు "అమ్మకేం తెలుసు" అంటాడు. దేవుని గురించి తెలుసుకోవడం ఒకటి, దేవునికి తనను అప్పగించుకోవడం మరొకటి. మొదటిదానికి అక్షరాలు తోడ్పడతాయి. రెండోదానికి అవే అర్హత అని చెప్పడానికి మాత్రం నాకు ఏ ఆధారమూ కనిపించదు.

"భక్తి ఉంటే చాలు, చదువెందుకు" అనేవారితోనూ నేను ఏకీభవించను. చదవడం వచ్చి కూడా చదవనివాడు ఆ తల్లి చాటున దాక్కోలేడు. దివ్యగ్రంథం విశ్వాసులందరికీ అందుబాటులో ఉండాలని రెండవ వాటికన్ మహాసభ 1965లో స్పష్టంగా చెప్పింది. ఆనాటి నుంచి మనకు సాకు లేదు.

అపోస్తలుల కార్యములలో ఇతియోపియా అధికారి రథంలో కూర్చుని యెషయా గ్రంథాన్ని పైకి చదువుతుంటాడు. అర్థం మాత్రం అందదు. ఫిలిప్పు ఆ గ్రంథాన్ని లాక్కోలేదు, అతణ్ణి దానితో ఒంటరిగానూ వదిలేయలేదు. రథమెక్కి పక్కన కూర్చున్నాడు.

ఈ ఆదివారం సువిశేష పఠనాన్ని ఇంట్లో మీ అమ్మకు చదివి వినిపించండి. తర్వాత మీరు వివరించకండి. ఆమెకేమి తోచిందో అడగండి.