అనికేతుడు - నిరాశ్రయుడు

ఇల్లు విడిచినవానికిని, ఇల్లు లేనివానికిని గల భేదమేమి? పైకి చూచిన ఇరువురి స్థితియు ఒక్కటిగానే తోచును. ఇరువురును చెట్టునీడనో, ఊరిబయటి మంటపముననో శయనింతురు. ఇరువురి ఆస్తియు ఒక మూటలో ఇముడును. కాని లోకము ఒకనికి నమస్కరించును. రెండవవానిని లేచి పొమ్మనును. భగవద్గీత పండ్రెండవ అధ్యాయమున తనకు ప్రియుడైన భక్తుని లక్షణములను చెప్పుచు భగవానుడు 'అనికేతుడు' అను పదము వాడెను. స్థిరనివాసము లేనివాడనియు, నివాసమునందు మమత లేనివాడనియు పెద్దలు దానికి అర్థము చెప్పిరి. ఆ అధ్యాయమును నిత్యము పారాయణ చేయువారు అనేకులు గలరు. వీథి చివర టార్పాలిను పట్ట క్రింద కాపురముండు కుటుంబమును చూచినపుడు ఆ పదము వారికి జ్ఞప్తికి వచ్చునా? వచ్చినయెడల ఏ అర్థమున రావలెను? ఇది నిదానముగా విచారింపదగిన ప్రశ్న.

దీనిని విచారించుటకు ఖరగ్‌పూరు వంటి ఊరు మిక్కిలి తగినది. పశ్చిమ బెంగాలులోని ఈ పట్టణము రైలు కొరకు పుట్టి, రైలు వలననే పెరిగినది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఇరువదవ శతాబ్ది ఆరంభమునాటికి ఇచట జంక్షనును, పెద్ద కర్మాగారమును నెలకొల్పెను. శ్రీకాకుళము, విశాఖపట్టణము, గంజాము ప్రాంతములనుండి తెలుగు కుటుంబములు పొట్ట చేతబట్టుకొని వచ్చి ఇచట చేరినవి. తరములు గడచినను వారి ఇండ్లలో తెలుగు నిలిచినది. 2020 డిసెంబరులో ఆ రాష్ట్ర ప్రభుత్వము తెలుగునకు అధికార భాషలలో స్థానము కల్పింప నిర్ణయించెను. వచ్చినవారే ఊరివారైన ఊరది. తాత ఎక్కి వచ్చిన రైలును గూర్చి చెప్పుకొనని ఇల్లు అచటి తెలుగువారిలో అరుదు.

ఆ ఊరి ప్లాట్‌ఫారము పొడవు 1,072 మీటర్లకు పైబడినది. ప్రపంచమున కెల్ల పొడవైన ప్లాట్‌ఫారము ఖరగ్‌పూరుదే అని కొన్ని తరముల బాలబాలికలు బడిలో వల్లించిరి. 2013లో గోరఖ్‌పూరు, 2023లో హుబ్బళ్ళి ఆ కీర్తిని తీసికొనినవి. అయినను కిలోమీటరుకు మించిన ఆ నేలపై ఒక చివరనుండి మరియొక చివరకు నడచువాడు ఒక సంగతి ఆలోచింపవచ్చును. టిక్కెట్టు గలవాడు అచట పరుండిన ప్రయాణికుడనబడును. టిక్కెట్టు లేనివాడు అదే చోట, అదే దుప్పటి పరచుకొని పరుండిన ఆక్రమణదారుడనబడును. ఇరువురి నిద్ర ఒక్కటియే. ఒకనికి పోవలసిన ఊరున్నది, రెండవవానికి లేదు.

నిరాశ్రయులు స్టేషన్ల చుట్టును, పట్టాల ప్రక్కను చేరుటకు కారణములు స్పష్టములు. అచట కుళాయి యుండును. రాత్రి అంతయు దీపముండును; ఒంటరి స్త్రీకి చీకటికన్న దీపపు వెలుగు కొంత రక్ష. మూటలు మోయుట, చెత్త ఏరుట, టీ అమ్ముట వంటి పనులు దొరకును. ఊరిలో ప్రతి గజము నేలకును యజమాని యున్నాడు. రైలుమార్గము వెంబడి ఖాళీ నేల మాత్రము చూచువారు లేనట్లు పడియుండును. కావుననే కష్టకాలమెల్ల మొదట స్టేషనునందు కనబడును. 1943 నాటి బెంగాలు కరవులో పల్లెలు విడిచినవారు పట్టణముల కాలిబాటలను నింపిరి. 1947 దేశవిభజన పిమ్మట తూర్పు బెంగాలు శరణార్థులకు కలకత్తాలోని సియాల్దా స్టేషను ప్లాట్‌ఫారములే ఇండ్లయ్యెను. 1930 తరువాతి ఆర్థికమాంద్యములో సంపన్నదేశమైన అమెరికాలో సైతము పని పోయినవారు రేకులతో, అట్టలతో పేటలు కట్టుకొని, నాటి దేశాధ్యక్షుని పేరు కలిపి వానిని హూవర్‌విల్లులని పిలిచిరి. దేశమేదైనను క్రమమొక్కటియే: మొదట పని పోవును, పిదప అద్దె నిలిచిపోవును, తుదకు కప్పు పోవును.

రైల్వే పట్టణములో ఈ క్రమము మరింత కురుచ. అచట ఉద్యోగికి క్వార్టర్సు ఇత్తురు. ఉద్యోగముతో వచ్చిన ఇల్లు ఉద్యోగముతోనే పోవును. 1927లో ఖరగ్‌పూరు కర్మాగారమున కార్మికుల సంఖ్యను తగ్గింప బూనగా పెద్ద సమ్మె సాగెను. దానికి నాయకత్వము వహించినవారిలో తదుపరి కాలమున రాష్ట్రపతియైన వరాహగిరి వేంకటగిరి గారొకరు. పని పోవుట యనిన జీతము పోవుట మాత్రమే కాదనియు, పిల్లల తలపైనున్న కప్పు పోవుటయనియు నాటి కార్మికులకు తెలియును. 1974 మే 8న ఆరంభమై 27న ముగిసిన అఖిలభారత రైల్వే సమ్మెలోను దేశమున పలుచోట్ల కార్మికుల కుటుంబములను క్వార్టర్సులనుండి వెడలగొట్టిరి. సామాను వీథిలో పెట్టుకొని కూర్చుండిన ఆ గృహిణి నిన్నటివరకు గృహస్థురాలే.

ఇంతటితో వేదాంతవిచారణకు ద్వారము తెరచుకొనుచున్నది. పెద్ద బంగళాలోని అధికారి సైతము పదవీవిరమణ పిమ్మట తాళపుచెవి అప్పగించి పోవలసినవాడే. పదియేండ్లు నీరు పోసి పెంచిన మామిడిచెట్టు కాపును తరువాత వచ్చినవాడు తినును. గీత ఈ దేహమునే తొమ్మిది ద్వారముల పురమని వర్ణించినది. ఆ పురమును గూడ జీవునికి ఉద్యోగకాలము వరకే ఇచ్చిరి. నోటీసు ఎప్పుడు వచ్చునో తెలియదు. ఈ దృష్టితో చూచిన బంగళాకును, టార్పాలిను పట్టకును గల భేదము గడువులోని భేదము మాత్రమే. ఎవనికిని సొంత ఇల్లు లేదు.

సత్యమే. కాని ఈ సత్యమునుండి రెండు దారులు చీలును. ఏ దారి పట్టెనో దానినిబట్టి సాధకుని వివేకము తెలియును. "అందఱును బాటసారులే, ఇల్లు మిథ్య, ఇక ఆ గుడిసెవానిని గూర్చి చింతయేల?" అనుట మొదటి దారి. "ఇల్లు నాదికాదని తెలిసినది, ఇక దాని తలుపు మూసియుంచుటకు నాకేమి అధికారము?" అనుట రెండవ దారి. మొదటి మాట పలుకువానిని ఒక్క ప్రశ్న అడిగిన చాలును. వాన కురియు రాత్రి, తన కప్పు కారుచున్నపుడు, ఇల్లు మిథ్యయని అతడు నిదురించునా, లేక తాపీపనివానికి కబురంపునా? తన కప్పు విషయమున వ్యవహారమును, ఎదుటివాని కప్పు విషయమున పరమార్థమును పాటించుట వేదాంతము కాదు. వైరాగ్యము తనకు చెప్పుకొనవలసిన పాఠము. పరునికి ఇవ్వవలసినది ఆశ్రయము. ఈ రెండును తారుమారైనచో శాస్త్రము లోభికి ముసుగగును.

అనికేతత్వము గుణమగుట ఎప్పుడు? విడువగలిగినది ఉండి, తెలిసి విడిచినపుడు. సన్న్యాసి ఇంటిని విడిచెను. నిరాశ్రయుని ఇల్లు విడిచెను. మొదటివానికి భిక్ష దొరకని దినము తపస్సు. రెండవవానికి అది పసిబిడ్డ ఏడ్పు. ఉపవాసమును ఆకలిని ఒక్కటనువాడు ఎట్లు పొరబడునో, వీరిరువురిని ఒక్కటనువాడును అట్లే పొరబడును. పోగొట్టుకొనినవానికి త్యాగమును బోధించుట అతనివద్ద మిగిలిన ఒక్కగానొక్క వస్తువును, అనగా తన దుఃఖము దుఃఖమని చెప్పుకొను హక్కును గూడ తీసికొనుట యగును.

మరియొక మాట తరచుగా వినబడును: "వాని కర్మ." కర్మసిద్ధాంతము అసత్యము కాదు, కాని అది సగము చెప్పి విడువదగినది కాదు. ఆ కుటుంబమును పట్టాల ప్రక్కకు చేర్చిన కర్మయే, ఆ సమయమునకు ఆ త్రోవను, గొడుగు పట్టుకొని పోవు గృహస్థుని గూడ తెచ్చి నిలిపినది. అతని కర్మ గతమున జరిగినది; ఇతని కర్మ ఈ క్షణమున జరుగుచున్నది. చూచి సాగిపోవుటయు కర్మయే, దానికిని ఫలము గలదు. హరిశ్చంద్ర నాటకములో కాటిసీను వచ్చినపుడు కన్నీరు పెట్టని తెలుగువాడు లేడు. రాజ్యము పోయి, ఇల్లు పోయి, ఆలుబిడ్డలు అమ్ముడుపోయిన ఆ మహారాజు కర్మఫలము ననుభవించుచున్నాడని ప్రేక్షకుడెవడును లేచి ఇంటికి పోడు. రంగస్థలముపై రాల్చిన ఆ కన్నీరు వీథిలో ఎందులకు ఇంకిపోవునో ఆలోచింపదగినది.

ఎదుటి పక్షపు మాటయు న్యాయముగా వినవలెను. పట్టాల ప్రక్క నివాసము ప్రమాదకరము. రైల్వే నేల ప్రజలందఱి సొత్తు. బండ్లు క్షేమముగా నడచుటకు ఆ నేల కావలెను. అనుమతిలేని ప్రవేశమును 1989 నాటి రైల్వే చట్టము నేరముగా నెంచినది. ఆ ప్రమాదమెంతటిదో 2020 మే 8వ తేదీ తెల్లవారుజామున దేశమునకు తెలియవచ్చెను. మహమ్మారి కారణమున పనులు నిలిచి, కాలినడకను స్వస్థలములకు మరలిన కూలీలు ఔరంగాబాదు సమీపమున అలసి పట్టాలపై మేను వాల్చిరి. పదునాఱుగురు గూడ్సుబండి క్రిందపడి మరణించిరి. కావున పట్టాల ప్రక్క ఎవరిని ఉండనీయరాదనుట క్రూరత్వము కాదు. అది దయయే కావచ్చును. కాని లెమ్మనుటకు ముందు ఎచటికి పోవలెనో చూపవలెను. చూపనియెడల ఆ ఆజ్ఞ వానిని ప్రమాదమునుండి తప్పింపదు. కంటికి కనబడని మరియొక ప్రమాదమునకు పంపును.

దేశపు న్యాయస్థానమును ఈ ధర్మమునే గుర్తించినది. బొంబాయి కాలిబాటవాసుల వ్యాజ్యమున 1985లో తీర్పు చెప్పుచు సుప్రీంకోర్టు జీవించు హక్కులో జీవనోపాధియు చేరియున్నదనెను. కాలిబాటపై శాశ్వతముగా నుండు హక్కు నొసగలేదు. కాని వానకాలము గడచువరకు వారిని తొలగింపరాదని ఆదేశించెను. 2011 జనగణనలో దేశమున ఇల్లులేనివారు 17 లక్షల 70 వేలకు పైగా తేలిరి. 2013లో ఆరంభమైన జాతీయ పట్టణ జీవనోపాధి పథకము లక్ష జనాభాకు కనీసము నూరుమందికి చాలునంతటి శాశ్వత ఆశ్రయముండవలెనని నియమము పెట్టెను. అదే జనగణనలో ఖరగ్‌పూరు పురపాలక సంఘపు జనాభా రెండు లక్షలకు పైబడినది. ఆ లెక్కన రెండువందల మందికి పడక కావలెను. ఒక పెద్ద కల్యాణమంటపములో ఇముడునంతటి సంఖ్య ఇది. లోటు స్థలమునందు లేదని ఈ లెక్కయే చెప్పుచున్నది.

తైత్తిరీయోపనిషత్తులో భృగువునకు బ్రహ్మవిద్య చెప్పిన ప్రకరణమున ఒక వ్రతము గలదు. అన్నమే బ్రహ్మమని మొదలుకొని ఆనందమే బ్రహ్మమని తెలిసికొనిన పిమ్మట గూడ, వసతి కోరి వచ్చిన వానిని ఎవ్వనిని కాదనరాదనియు, అందులకై అన్నమును విస్తారముగా సమకూర్చుకొనవలెననియు శ్రుతి విధించుచున్నది. ఈ క్రమము గమనింపదగినది. బ్రహ్మానుభవము కలిగెను గనుక ఇక అతిథితో పనిలేదని శ్రుతి అనలేదు. జ్ఞానము పండినచోటనే తలుపు తెరువుమన్నది. వసతి నిచ్చుటకు ముందుచూపుతో కూడబెట్టుమన్నది. అనగా కేవలము జాలిపడుట చాలదు, ఏర్పాటు కావలెను. పోతనగారి భాగవతము నవమస్కంధమున రంతిదేవుడు తన కడపటి మంచినీటిని సైతము దాహార్తుడైన చండాలునకిచ్చిన కథను చదివినవారికి ఈ వ్రతము ఎంతవరకు పోగలదో తెలియును. అంత దూరము పోలేనివారికి గోదావరి సీమలోని డొక్కా సీతమ్మగారు దగ్గరి ఆదర్శము. 1909లో పరమపదించిన ఆ ఇల్లాలు లంకల గన్నవరమున ఏ వేళ వచ్చిన బాటసారికైనను వండి పెట్టెను. ఆమె ఇల్లు విడువలేదు. ఇంటిని తనదనుకొనుట విడిచెను. గృహస్థునికి తగిన అనికేతత్వము అదియే.

కావున ఖరగ్‌పూరు వంటి ఊరిలో గృహస్థుని సాధన ఎచటనుండి ఆరంభింపవచ్చునో స్పష్టమే. ఆ పట్టల క్రింద ఎవరున్నారో, ఏ ఊరివారో, ఏ పని పోయి అచటికి చేరిరో అడిగి తెలిసికొనుట మొదటి మెట్టు. పేరు తెలిసినవానిని ఆక్రమణదారుడని అనుట కష్టము. వానకాలమునకు ముందే పురపాలక సంఘమును ఆశ్రయమునకై అడుగుట రెండవది. ఖాళీగా నుండు సత్రమును, భజనమందిరపు వసారాను చలిరాత్రులందు తెరచియుంచుట మూడవది. ఇవి గొప్ప త్యాగములు కావు. కాని వీనిని చేసిన దినమున ఇంటికి వచ్చి తాళము తీయునపుడు, ఆ తాళపుచెవిని తాను కొలదికాలమునకై ఉంచుకొనినట్లు గృహస్థునికి తోచును. పన్నెండవ అధ్యాయములోని ఆ పదము అప్పుడు అతనికి కొంత అర్థమగును.