భారసమర్పణము

తిరుమలకొండ నెక్కుటకు ఏ సాధనము తగినదను ప్రశ్న యాత్రికులలో తరచుగా వినవచ్చుచుండును. 1944లో మొదటి ఘాట్ రోడ్డు, 1974లో రెండవది ఏర్పడిన పిదప బస్సులలో పోవువారే అధికులైరి. అయినను అలిపిరి నుండి సుమారు 3550 మెట్లను కాలినడకన ఎక్కు మ్రొక్కు నేటికిని చెల్లుచునే యున్నది. సొంత ఊరినుండి సైకిలుపై కొండపాదమునకు వచ్చి, దానిని అక్కడ విడిచి, మెట్లెక్కువారును కలరు. వాహనము కొంత, నడక కొంత అయినచో ఫలము సగమగునా?

కాదు. భక్తికి మైళ్ళు కొలత కావు. వాహనమును వాడుట దోషము కాదు. విడువవలసిన చోట విడువకపోవుటయే దోషము. అయితే విడుచుట యనగా నేమి? విచారింపవలసినది ఇదియే.

పుత్తూరు ప్రాంతపు పల్లెలో పాలమ్ముకొని జీవించు గృహస్థుడొకడు కలడనుకొనుడు. కూతురి జబ్బు నయమైనందున అతడు మ్రొక్కు చెల్లింప బయలుదేరెను. ధనుర్మాసపు చలిలో 30 కిలోమీటర్లకు పైగా సైకిలు త్రొక్కి అలిపిరి చేరెను. బండికి తాళము వేసి, కావలివానికి చెప్పి, తాళపుచెవిని మొలత్రాటికి కట్టుకొని, పాదాలమండపమువద్ద నమస్కరించి మెట్లెక్కసాగెను. ఆ బండి అతనికి వట్టి వాహనము కాదు. దినదినము పాలబిందెలు మోయునది అదియే. అది పోయినచో ఇల్లు గడవదు.

ఆ దినములలో సముద్రమునుండి వచ్చు తడిగాలి కొండవాలు వెంట పైకెగసి, చల్లబడి, మంచుగా ముసరుట కలదు. ఆనాడు శేషాచలమంతయు మంచులో మునిగెను. గాలిగోపురము వరకు గల మెట్లు మిక్కిలి నిట్రముగా నుండును. పైన చేరవలసిన గోపురము అతనికి కనబడదు. క్రింద విడిచిన బండియు కనబడదు. చేయి మాటిమాటికి తాళపుచెవిని తడవుచుండెను. ఎవడైన ఎత్తుకొనిపోయినచో రేపు పాలు పోయుట యెట్లు? పిల్ల మందుల అప్పు తీరుట యెట్లు? తుదకు అతడు నిలిచిపోయి, ఒకసారి దిగి చూచి వత్తునని వెనుకకు తిరిగెను.

అక్కడ ఒక వృద్ధురాలు మెట్టుమెట్టునకు పసుపు కుంకుమలు పెట్టుచు ఎక్కుచుండెను. "అవ్వా, గోపురమింకా ఎంత దూరము?" అని అతడడిగెను.

"ఏమో నాయనా! నాకు అగపడేది ఈ మెట్టొకటే. దీనికి బొట్టు పెట్టనీ," అని ఆమె తన పనిలో మునిగెను.

అతడు కొంతసేపు చూచి, మరల పైకి నడచెను. చింత పూర్తిగా తొలగెననుటకు వీలులేదు. కాని కాళ్ళు పైకే సాగెను.

అదే దారిలో ఏడవ మైలువద్ద ప్రసన్నాంజనేయుడు నిలిచియున్నాడు. ఆయన చరితలోనే ఈ సందేహమునకు సమాధానము కలదు. ఇంద్రజిత్తు బ్రహ్మాస్త్రముతో హనుమంతుని బంధించెను. అది చాలదని తలచి రాక్షసులు త్రాళ్ళు తెచ్చి బిగించిరి. వేరొక బంధమును సహింపని బ్రహ్మాస్త్రము తానే విడిపోయెను. శరణాగతియు ఇట్టిదేయని పూర్వాచార్యులు ఈ దృష్టాంతమును చూపిరి. భారమును స్వామికి అప్పగించి, దానికి తోడు మరియొక రక్షణను వెదకువాడు తన అప్పగింతను తానే సడలించుకొనుచున్నాడు.

అట్లయినచో బండికి తాళము వేయుట అవిశ్వాసమా? కాదు. వేయదగిన తాళము వేయుట గృహస్థధర్మము. వేసిన పిదప మెట్టుమెట్టునకు తాళపుచెవిని తడవుటయే రాక్షసులు తెచ్చిన రెండవ త్రాడు. శరణాగతి అంగములలో మహావిశ్వాసము ముఖ్యమని సంప్రదాయము. ఎండలో గోపురమును చూచుచు నడచుటకు అంతటి విశ్వాసముతో పనిలేదు. దాని అవసరము మంచులోనే తెలియును.

భారమంతయు స్వామిదే అయినచో ఈ మెట్లెక్కు శ్రమ యెందులకని కొందరడుగుదురు. ఆ వృద్ధురాలిని చూచినచో ఇది తెలియును. పసుపు పెట్టుటవలన ఆమె త్వరగా కొండ చేరదు, పైగా ఆలస్యమగును. ఆమె చేయునది గమ్యము చేరుటకు ఉపాయము కాదు, కైంకర్యము. పాలవాడు సైకిలు త్రొక్కినంతసేపు చేరుటకై త్రొక్కెను. మెట్లమీద అతని నడకయు కైంకర్యము కావలసియున్నది. వాహనమును విడుచుట యనగా ఈ మార్పే.

దర్శనమై దిగి వచ్చునప్పటికి బండి ఉండవచ్చును, లేకపోవచ్చును. లేనిచో ఆ లోటు లోటే. దానిని చిన్నదనుట పేదవానిని పరిహసించుటయే. భారసమర్పణము చేసినవానికి నష్టమే రాదని పెద్దలు చెప్పలేదు. వచ్చిన నష్టమును అతడు ఒంటరిగా మోయనక్కరలేదని మాత్రమే చెప్పిరి. పిల్ల జబ్బుతో నున్న రాత్రులలో అతనికి తోడైనవాడు ఆ దినమునను తోడుగా నుండును.

కావున యాత్రికులు కొండపాదమున తమ వాహనములకు శ్రద్ధతో తాళము వేయుదురుగాక; ఆ పిమ్మట గోవిందనామము పలుకుచు, కనబడుచున్న ఒక్క మెట్టును ఎక్కుదురుగాక.