చీమల బారులో చిన్న పెద్దలు

శివుని ఆజ్ఞ లేనిదే చీమయైనను కుట్టదని పెద్దల మాట. అట్టి చీమనే సాక్షిగా నిలిపి కొందఱొక వాదము చేయుచుందురు. చీమలలో రాణి కలదు, సేవకులు కలరు, భటులు కలరు. ఎవరి దేహము వారి పనికి తగినట్లే యున్నది. కావున పుట్టుకతోడి హెచ్చుతగ్గులు ప్రకృతిసిద్ధములే యని వారి తాత్పర్యము. జన్మభేదమును నిరాకరించిన బసవేశ్వరుని మార్గమున నడచువారు ఈ వాదమును ఊరక త్రోసిపుచ్చరాదు. సాక్షిని నిలువదీసి విచారింపవలెను.

శాస్త్రజ్ఞులు పేరు పెట్టిన చీమజాతులు 14,000కు పైగా కలవు. మామిడికొమ్మలపై ఆకులను చేర్చి గూడు కట్టు ఎఱ్ఱచీమ వేఱు. పడమటి కనుమలలో పెద్ద కన్నులతో, పొడవైన దవడలతో ఎరపైకి దుముకు గంతుచీమ వేఱు. ఈ భేదము ఏనుగునకును గుఱ్ఱమునకును గల భేదము వంటిది. దీనితో వివాదము లేదు. మనుష్యులందఱు నొకే జాతి గనుక విచారింపవలసినది ఒకే పుట్టలోని భేదమును.

ఆ యెఱ్ఱచీమలలోనే పెద్దవి వేటకును గూటిపనికిని పోవును. చిన్నవి లోపల నుండి పిల్లలను సాకును. ఆసియాఖండమందలి కేరెబేరా డైవర్సా యను జాతిలో మిక్కిలి పెద్ద శ్రామికచీమ మిక్కిలి చిన్నదానికంటె 500 రెట్లు బరువు తూగును. చూచువారికి రెండును రెండు జాతులని తోచును. కాని రెండును ఆ పుట్టలోని ఆడుబిడ్డలే.

ఈ భేదమెట్లు కలిగినది? పెక్కు జాతులలో ఆడుచీమ డింభకము రాణియగుటయో శ్రామికయగుటయో ముఖ్యముగా దానికి దొరకిన తిండిని బట్టియు, వెచ్చదనమును బట్టియు, దేహములో నూరు హార్మోనులను బట్టియు నుండును. ఫైడోల్ అను చీమలలో కొన్ని జాతులకు మాత్రమే మహాభటులు కలరు. అట్టివారు సహజముగా లేని జాతి డింభకములకు హార్మోనును పోలిన యొక ద్రవ్యమును పూయగా వానిలోను మహాభటులు పుట్టినట్లు 2012లో ప్రకటితమైనది. శక్తి లోపలనే యున్నది. మేల్కొలుపు మాత్రమే కఱవైనది.

గంతుచీమల కథ ఇంకను విచిత్రము. రాణి చనిపోగా శ్రామికలు మీసములతో పోరాడును. గెలిచినవి గ్రుడ్లు పెట్ట మొదలిడును. ఏడు నెలల యాయువు నాలుగేండ్ల వఱకు పెరుగును. మెదడు సుమారు ఐదవ వంతు తగ్గును. వానిని మరల శ్రామికస్థితికి తెచ్చినచో మెదడు తిరిగి పెరుగునని 2021లో వెల్లడియైనది. పదవి మాఱగా దేహమే మాఱుచుండ, దేహమును చూపి పదవిని సమర్థించు టెట్లు?

ఇచట నొక యాక్షేపము కలదు. ఆకులు కోయు చీమలలో కొన్నింట తండ్రి వంశమును బట్టి కొందఱు పెద్ద శ్రామికలగుటకు ఎక్కువగా మొగ్గుదురని తేలినది. వంశబీజమునకు బొత్తిగా పాత్ర లేదనుట సత్యము కాదు. ఒప్పుకొనవలసినదే. అయినను భేదము వేఱు, తారతమ్యము వేఱు. పైని చెప్పిన కేరెబేరాలలో ఎరను మొదట చుట్టుముట్టి కదలనీయక పట్టునవి చిన్నవే. పెద్దది వచ్చి చివరి దెబ్బ కొట్టును. చిన్నది లేక పెద్దదానికి వేటయే లేదు. దేహభేదము పనిని పంచినది గాని గౌరవమును పంచలేదు. ఆ పంపకము మనుష్యుడు కల్పించినది.

పండ్రెండవ శతాబ్దమున కల్యాణనగరమున శరణులు చూపినదిదియే. చాకలి మాచయ్య, పడవ నడపు చౌడయ్య, త్రాళ్లు పేను చందయ్య అనుభవమంటపమున సమానాసనము నందిరి. కాయకము వేఱయ్యెను, లింగము వేఱు కాలేదు.

అట్లని చీమయే గురువని చెప్పుటయు తగదు. చీమ తన పనిని ఎన్నుకొనలేదు. ఇది చాలు నని అనలేదు. అయిదక్కి మారయ్య నాడొకనాడు అవసరమునకు మించి బియ్యపు గింజలేఱి తెచ్చెను. భార్య లక్కమ్మ అధికమైనవానిని తిరిగి వేసి రమ్మనెను. అట్టి వివేకము చీమల బారులో కానరాదు. కాయకమును కాయకముగా చేయునది ఎఱుక. దాసోహమును దాసోహముగా చేయునది స్వేచ్ఛ.

కావున సాక్షి చెప్పినది వాదికి వ్యతిరేకముగానే యున్నది. దేహమునకు మూలము చాలవఱకు పోషణమని చీమ చెప్పుచున్నది. ఇది ఇంటింటికి తగులు మాట. కొడుకునకు పాలును కూతునకు మజ్జిగయు పోసి, కొన్నియేండ్లకు ఆడుపిల్ల బలహీన యనుట. పేదబిడ్డకు బడిని దూరముచేసి, వానికి చదువబ్బదనుట — ఇవి రెండును తక్కువ పెట్టి తక్కువవాడనుటయే. చీమకు తన డింభకమునకు ఎంత పెట్టుచున్నదో తెలియదు. మనుష్యునకు తెలియును. తెలిసియు పంక్తిలో వడ్డన భేదము చేయువాడు దాసోహమను మాట పలుకుటకు అర్హుడు కాడు. మఠమునందైనను గృహమునందైనను ప్రతి బిడ్డ ముందును నిండు విస్తరి నుంచి, ఆ పిమ్మటనే ఎవరెంతవారో చూడవలెను.