దిగి వచ్చిన కోటయ్య

సంక్రాంతి సెలవుల్లో నేను, నా భార్య, అమ్మానాన్న కోటప్పకొండ వెళ్లాం. 2022లో పల్నాడు జిల్లాలోకి వచ్చింది గానీ, మా ఇంట్లో అది ఇంకా గుంటూరు జిల్లా కొండే. నరసరావుపేట దాటాక దారి పొడుగునా పత్తి, మిరప చేలు.

మెట్ల దగ్గర అమ్మ, "నా మోకాళ్లు సహకరించవురా, మీరు వెళ్లి రండి" అంది. ఘాట్ రోడ్డులో వెళ్దామంటే, "మెట్లెక్కుతామని మొక్కుకున్నారుగా, నాకోసం మానడమెందుకు?" అంది.

అప్పుడు నా భార్య ఆనందవల్లి కథ గుర్తు చేసింది. రుద్ర శిఖరం మీది శివుణ్ణి రోజూ కొలిచిన గొల్లభామ ఆమె. గర్భిణి అయ్యాక ఎక్కలేక, స్వామినే కిందికి రమ్మని వేడుకుంది. వెనక్కి చూడొద్దని చెప్పి, స్వామి ఆమె వెంట నడిచాడు. బ్రహ్మ శిఖరం దగ్గర ఆమె తిరిగి చూసింది. స్వామి అక్కడే వెలిశాడు. ఇప్పుడు మనం దర్శించుకునేది అక్కడే.

అమ్మ ఇంకేం అనలేదు. నలుగురం కారులోనే పైకి వెళ్లాం.

ఆలోచించండి. ఎక్కలేని భక్తురాలి కోసం దేవుడే దిగాడు. అమ్మ కోసం మనం మెట్లు మానుకుంటే పుణ్యం తగ్గుతుందా? ట్రిప్ ప్లాన్ చేసేటప్పుడు, ఇంట్లో అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్లను బట్టి ప్లాన్ చేయండి. భక్తులు "చేదుకో కోటయ్యా" అని పిలుస్తారు. బావిలో నీళ్లు చేదినట్టు మమ్మల్ని పైకి లాక్కో అని. ఆ చేంతాడు ఒక్కోసారి మన చేతిలోనే పెడతాడు స్వామి.

ఓం నమః శివాయ.